పైపులో జిన్

ఈ రంజాన్‌కి ముందు మా మస్జిద్ వజూఖానాలో నల్లాలన్నీ మార్చారు. పాతవి ఇత్తడివి, మూడు నాలుగు చుట్లు తిప్పితే గానీ బంద్ అయ్యేవి కావు. కొత్తవి పావు చుట్టుకే కట్టుకుంటాయి. నీళ్ళ ఇస్రాఫ్ తగ్గుతుందని కమిటీవాళ్ళు ఖుష్. మొదటి రోజు ఫజర్‌కే తేడా తెలిసిపోయింది. ఎవరు నల్లా కట్టినా గోడ లోపలి నుంచి 'ఠక్'మని చప్పుడు. పదిమంది వజూ ముగించుకుని లేస్తే ఠక్, ఠక్, ఠక్. ఎవరో లోపల కూర్చుని సుత్తితో పైపుని కొడుతున్నట్టే ఉండేది. పైపులో జిన్ దూరిందని మక్తబ్ పిల్లలు ఫైసలా చేసేశారు. ఒక బడేమియా అయితే నల్లా తిప్పే ముందు ఆయతుల్ కుర్సీ చదివి ఊదడం మొదలుపెట్టారు.

మా ఆపా కొడుకు అప్పుడే జుబైల్ నుంచి ఛుట్టీ మీద వచ్చి ఉన్నాడు. పైపింగ్ ఇంజినీరు. పెట్రోకెమికల్ ప్లాంట్లలో ఏ పైపు ఎంత బరువు మోస్తుంది, ఎంత వేడికి ఎంత సాగుతుంది, ఎక్కడ ఏ ఆధారం పెట్టాలి అని లెక్కలు కట్టడం వాడి నౌకరీ. తరావీహ్ అయ్యాక వాణ్ణి వజూఖానాకి తీసుకెళ్ళాను. గోడ మీద అరచెయ్యి ఆనించి, "నల్లా కట్టండి మామూ" అన్నాడు. కట్టాను. ఠక్. "ఇప్పుడు ఆహిస్తా కట్టండి." మెల్లగా కట్టాను. చప్పుడు రాలేదు.

"జిన్ లేదు, గిన్ లేదు. ఇది నీళ్ళ ధక్కా. మేము సర్జ్ అంటాం. వాటర్ హ్యామర్ అని కూడా అంటారు. ఇక్కడ ఠక్‌మని ఊరుకుంది. మా ప్లాంట్లో పెద్ద పైపులో ఇదే చప్పుడు వస్తే మనుషుల జాన్ పోతుంది" అన్నాడు నవ్వుతూనే.

నాకు నవ్వు రాలేదు. భాయ్‌జాన్ గుర్తొచ్చాడు. ఆయన సంగతి చెప్పే ముందు, ఆ రాత్రి మస్జిద్ మెట్ల మీద కూర్చోబెట్టి మా భాంజా నాకు చెప్పిన సబక్ చెప్పాలి. అది లేకపోతే మిగతాది అర్థం కాదు. నాకూ ఇరవై ఏళ్ళు అర్థం కాలేదు.

"ఈద్‌గా నుంచి జనం బయటికొస్తుంటారు కదా మామూ. గేటు తెరిచి ఉన్నంతసేపు అందరూ నడుస్తూనే ఉంటారు. ఎవరికీ తకలీఫ్ లేదు. ఉన్నట్టుండి ఎవరో గేటు మూశారనుకోండి. ముందున్నవాడు ఆగిపోతాడు. వెనకున్నవాడికి ఆ ఖబర్ తెలియదు, అదే నడకతో వచ్చి వీడి వీపుకి తగులుతాడు. వాడి వెనకవాడు వాడికి. గేటు మూసిన ఖబర్ ఒక్కో వరసే దాటుకుంటూ వెనక్కి పోతుంది, నొక్కుడు కూడా దానితోపాటే పోతుంది. పైపులో నీళ్ళ సంగతీ ఇంతే. వాల్వ్ మూసుకుందన్న ఖబర్ నీళ్ళలో వెనక్కి పరిగెడుతుంది. స్టీలు పైపులో దాని స్పీడు సెకనుకి వెయ్యి మీటర్ల పైన."

ఇన్నేళ్ళుగా ఖబర్లు రాసి బతుకుతున్నాను. అంత వేగంగా పోయే ఖబర్ గురించి ఎప్పుడూ వినలేదు.

జేబులోంచి మందుల చీటీ తీసి ఇచ్చాను. దాని వెనక లెక్క వేశాడు. రష్యాలో జుకోవ్‌స్కీ అనే ఆయన 1897లో మాస్కో నగరం నీళ్ళ పైపుల మీద తజుర్బాలు చేసి, మరుసటి ఏడాది ఈ హిసాబ్ అచ్చు వేశాడట. నీటి సాంద్రతని ఆ ఖబర్ స్పీడుతో హెచ్చవేయాలి, దాన్ని నీళ్ళ వేగంలో వచ్చిన మార్పుతో హెచ్చవేయాలి. ఖబర్ స్పీడు సెకనుకి 1100 మీటర్లు అనుకుందాం. సెకనుకి ఒక మీటరు చొప్పున పోతున్న నీళ్ళు ఉన్నట్టుండి ఆగితే 11 బార్ల ప్రెషర్ కొత్తగా పుడుతుంది. రెండు మీటర్ల చొప్పున పోతుంటే 22 బార్లు. ఒక బార్ అంటే దాదాపు పది మీటర్ల ఎత్తున్న నీళ్ళ బరువు. అంటే 22 బార్లకి నాలుగు చార్మినార్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి పైన ట్యాంకు కట్టాలి.

"గేజ్‌లో కనిపించదా?" అని అడిగాను.

"అందరూ మోసపోయేది అక్కడే. గేజ్ ముల్లు చూపించేది నీళ్ళు సుకూన్‌గా పోతున్నప్పటి ప్రెషర్. 5 బార్ల లైను, 10 బార్లు తట్టుకునే పైపు, ఇంకేం ఫికర్ అనుకుంటారు. ఈ 22 వచ్చేది ఆ 5ని చూసి కాదు, నీళ్ళ నడకని చూసి. 5కి 22 కలిసి 27 అవుతుంది. సెకన్లలో వచ్చి పోతుంది. ముల్లు కదిలేలోపు పని అయిపోతుంది."

'ఉన్నట్టుండి' అంటే ఎంతసేపు అన్నది నా రెండో సవాల్. దానికి వాడు చెప్పిన జవాబ్ నాకు నిద్ర పట్టనివ్వలేదు. వాల్వ్ మూసుకున్న ఖబర్ పైపు అవతలి కొసదాకా పోయి, అక్కడి నుంచి జవాబ్ తీసుకుని తిరిగి రావాలి. అది వాపస్ వచ్చేలోపు వాల్వ్ పూర్తిగా మూసుకుపోతే, ఎన్ని సెకన్లు తీసుకున్నా అది ఉన్నట్టుండి మూసినట్టే లెక్క. పైపు 1100 మీటర్లయితే పోవడానికి ఒక సెకను, రావడానికి ఒక సెకను. 11 కిలోమీటర్లయితే 20 సెకన్లు. అంత పొడుగు లైను మీద వాల్వ్‌ని 20 సెకన్లు తీసుకుని మూసినా పూర్తి ధక్కా తగులుతుంది. మూసే మనిషికి తాను ఎంతో మెల్లగా మూశాననే ఉంటుంది. మన మస్జిద్ పైపు ముప్పై మీటర్లు ఉంటుందేమో. దాని ఖబర్ రెప్పపాటులోపే తిరిగొచ్చేస్తుంది కాబట్టి ఠక్‌తో సరిపోయింది.

అప్పుడు చెప్పాను వాడికి, భాయ్‌జాన్ గురించి.

భాయ్‌జాన్ మా పెద్ద ఖాలా కొడుకు, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఐటీఐ ఫిట్టర్. మా జిల్లాలోనే ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద ఆపరేటర్‌గా చేసేవాడు. చెరువు గట్టున పంపుహౌజు, అక్కడి నుంచి ఫ్యాక్టరీకి కూలింగ్ నీళ్ళు తెచ్చే లైను. 2005 ఎండాకాలం, రాత్రి షిఫ్టు. లోపల ఎక్కడో లీకేజీ మొదలైంది. షిఫ్ట్ ఇన్‌చార్జి ఫోన్ చేసి జల్దీ మెయిన్ వాల్వ్ బంద్ చెయ్యమన్నాడు. భాయ్‌జాన్ బంద్ చేశాడు. వాల్వ్ పక్కనే ఉన్న రబ్బరు బెల్లోస్ పగిలింది. నీళ్ళ దెబ్బకి ప్లాట్‌ఫాం మీంచి కింద పడ్డాడు. తుంటి ఎముక, కుడి తొడ విరిగాయి. ఇప్పటికీ కుంటుతాడు. ముప్పై నాలుగేళ్ళ వయసు నుంచి కుర్చీ మీద కూర్చునే నమాజ్ చదువుతున్నాడు.

అప్పుడు నేను ఒక తెలుగు పేపర్ డెస్కులో కొత్తగా చేరాను. మరుసటి రోజు ప్రెస్ నోట్ నా టేబుల్ మీదికే వచ్చింది. ఆపరేటర్ వాల్వ్‌ని ఒక్కసారిగా మూసివేయడంతో పైపులో పీడనం పెరిగి పగిలిందని అందులో ఉంది. ఉర్దూ మీడియం స్కూల్లో దాన్ని 'దబావ్' అని చదువుకున్నాను. తెలుగులో 'పీడనం' అంటారని తర్వాత నేర్చుకున్నాను. రెండు జబానుల్లో మాట తెలుసు. మాట వెనకున్న మతలబ్ ఒక్క జబానులోనూ తెలియదు. 'ఆపరేటర్ నిర్లక్ష్యంతో పగిలిన పైపు' అని హెడ్డింగ్ పెట్టాను.

పేరు చూశాను. మా భాయ్‌జానే అని తెలుసు. సొంత రిష్తేదార్ అయితే మాత్రం వార్త మార్చకూడదు కదా అనుకున్నాను. ఒక్క అక్షరం కదపలేదు. అదే ఇన్సాఫ్ అనుకుని, లోపల కొంచెం ఫఖర్ కూడా పడ్డాను. మా ఖాందాన్‌లో తెలుగులో డిగ్రీ చేసిన మొదటివాణ్ణి నేనే. ఆ మాట పదిమందికి చెప్పుకుని మురిసిపోయిన మనిషి పెద్ద ఖాలా. ఆమెకి తెలుగు చదవడం రాదు. ఆ రోజు పేపర్ పక్కింటి పిల్లతో చదివించుకుంది.

ఫ్యాక్టరీ ఎంక్వైరీ కూడా అదే మాట తేల్చింది. చేతిలో కొంత డబ్బు పెట్టి కాంట్రాక్టు తీసేశారు. ఖాలా నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె ఇంతికాల్ అయ్యేదాకా నేను ఎప్పుడు వెళ్ళినా చాయ్ ఇచ్చింది. వార్తల గురించి మాత్రం మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

మా భాంజా ఇదంతా విని అఫ్సోస్ అనలేదు, ఓదార్చలేదు. వరసగా సవాళ్ళు వేశాడు. ఆ లైను ఎంత పొడవు? నీళ్ళు ఎంత వేగంతో పోయేవి? వాల్వ్ చక్రం తిప్పేదా, బటన్ నొక్కేదా? మొదటి నుంచీ అదే వాల్వా, మధ్యలో మార్చారా? పంపులు మొదటి నుంచీ అన్నేనా?

ఐదు సవాళ్ళు. ఒక్కదానికీ నా దగ్గర జవాబ్ లేదు. సహాఫీని నేను, అడగాల్సినవి వాడు అడిగాడు.

మరుసటి రోజు అసర్ తర్వాత భాయ్‌జాన్ దగ్గరికి వెళ్ళాను. ఆయనకి ఇప్పుడు మోటార్ల రిపేర్ దుకాణం ఉంది. రోజా కాబట్టి చాయ్ లేదు. బల్ల మీద విప్పి పడేసిన మోనోబ్లాక్ పంపు ఒకటి మా ఇద్దరి మధ్య ఉంది. దాన్ని చూస్తూ అడిగాను. ఆయన చేతిలో స్పానర్ పక్కన పెట్టి నన్ను చూశాడు.

"ఇత్తే సాలాఁ బాద్ పూఛా రే తూ."

అంతకుమించి శికాయత్ చెయ్యలేదు. చెప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆ లైనుకి చక్రం వాల్వ్ ఉండేది. అరవై చుట్ల పైన తిప్పాలి, ఇద్దరు మనుషులు తిప్పినా ఐదు నిమిషాలు పట్టేది. ప్రమాదానికి ఏడాది ముందు దాన్ని పీకేసి, గాలితో నడిచే బటర్‌ఫ్లై వాల్వ్ పెట్టారు. పచ్చ బటన్ నొక్కితే తెరుచుకుంటుంది, ఎర్ర బటన్ నొక్కితే బంద్. రెండు సెకన్లు కూడా పట్టదు. చేతులు నొప్పి తప్పిందని ఆపరేటర్లంతా ఖుష్. ప్రొడక్షన్ పెంచారని అప్పుడే రెండో పంపు కూడా కలిపారు. లైను 16 అంగుళాలది, పంపుహౌజు నుంచి వాల్వ్ దాకా రెండు కిలోమీటర్లకి కొంచెం తక్కువ. రెండు పంపులూ నడిస్తే గంటకి 900 ఘనపు మీటర్లు. ఆ అంకె ఆయనకి ఇంకా నోటికి ఉంది, ఎందుకంటే షిఫ్టుకోసారి లాగ్‌బుక్‌లో రాసింది ఆయనే.

"ఎంక్వైరీలో అంత వేగంగా ఎందుకు మూశావని అడిగారు. బటన్‌ని మెల్లగా నొక్కడం ఎట్లాగో నాకు రాదు సార్ అన్నాను. అది రాసుకోలేదు వాళ్ళు."

బటన్ నొక్కేవాడు కోపంతో నొక్కినా, బిస్మిల్లా అని నొక్కినా వాల్వ్‌కి తెలిసిన స్పీడు ఒక్కటే. ఆ స్పీడు పెట్టింది భాయ్‌జాన్ కాదు. 'ఒక్కసారిగా మూసివేయడంతో' అని నేను రాసిన వాక్యంలో తప్పు లేదు. ఎవరు మూశారన్నది తప్పు.

ఆ రాత్రి మా భాంజా మళ్ళీ మందుల చీటీ తీశాడు. గంటకి 900 ఘనపు మీటర్లు 16 అంగుళాల పైపులో పోతే నీళ్ళ వేగం సెకనుకి రెండు మీటర్లు. ఖబర్ పోయి రావడానికి మూడు సెకన్ల పైచిలుకు. వాల్వ్ మూసుకున్నది రెండు సెకన్లలోపు. ధక్కా 22 బార్లు. అక్కడున్న పాత రబ్బరు బెల్లోస్ 10 బార్ల కోసం చేసింది. పాత చక్రం వాల్వ్ ఐదు నిమిషాలు తీసుకుంటుంది కాబట్టి అన్నేళ్ళూ ఏమీ కాలేదు. చేతుల నొప్పే ఆ లైనుని కాపాడింది.

"ఆ ఎర్ర బటన్ బిగించే ముందు ఎవరైనా ఈ చీటీ అంత కాగితం మీద లెక్క వేసి ఉంటే చాలు మామూ" అన్నాడు.

మరి ప్రతి పైపుకీ ఈ లెక్క కట్టాలా అని అడిగాను. అవసరం లేదన్నాడు. ఒక ప్లాంట్లో వేల లైన్లుంటాయి. గ్యాస్ తేలిక, నొక్కితే నొక్కుకుంటుంది, కాబట్టి గ్యాస్ లైన్లకి ఈ ధక్కా సాధారణంగా చిన్నది. లిక్విడ్ లైన్లలో కూడా పొడవు తక్కువ, వేగం తక్కువ, వాల్వ్ చేత్తో తిప్పేది అయితే ముందు ఈ చిన్న లెక్కే వేస్తారు. జుకోవ్‌స్కీ అంకెని మామూలు ప్రెషర్‌కి కలిపి, ఆ లైనులో అన్నిటికంటే కమ్జోర్ వస్తువు ఎంత తట్టుకుంటుందో దానితో పోలుస్తారు. పైపు గట్టిగా ఉంటే చాలదు. ఫ్లాంజ్, బెల్లోస్, హోస్, గేజ్ అన్నీ చూడాలి. దాటకపోతే అక్కడితో ఖతం. దాటితేనో, షక్ ఉంటేనో కంప్యూటర్‌లో లైను మొత్తం పెట్టి క్షణం క్షణం ఏమవుతుందో చూసే పూర్తి విశ్లేషణ చెయ్యాలి.

చిన్న లెక్క చాలని చోట్లు కొన్ని చెప్పాడు. మన పిల్లలు జుబైల్‌లో, రువైస్‌లో, రాస్ లఫాన్‌లో ఫిట్టర్లుగా, ఆపరేటర్లుగా, సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి కాబట్టి అవి ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, కరెంటు పోతే పంపు ఆగిపోయే పొడుగాటి లైను. వాల్వ్ మూసినప్పుడు ప్రెషర్ పెరుగుతుంది, పంపు ఆగినప్పుడు ముందు పడిపోతుంది. మధ్యలో గుట్టలాంటి ఎత్తు ఉంటే అక్కడ ప్రెషర్ ఎంత పడిపోతుందంటే, మామూలు వేడికే నీళ్ళు ఆవిరిగా మారి లైను రెండు ముక్కలవుతుంది. కాసేపటికి ఆ రెండు ముక్కలూ తిరిగొచ్చి గుద్దుకుంటాయి. ఆ ధక్కా జుకోవ్‌స్కీ అంకెని కూడా దాటగలదు. వెనక్కి తిరిగిన నీళ్ళకి ఎన్నార్వీ ధడాల్‌మని మూసుకుంటే అదొక దెబ్బ.

రెండోది, ప్రమాదం వస్తే తనంతట తాను మూసుకునే ఎమర్జెన్సీ వాల్వులు. ప్రమాదాన్ని ఆపడానికి పెట్టిన వాల్వే ప్రమాదం తేగలదు. ఓడల్లోకి నూనె, కెమికల్ ఎక్కించే జెట్టీ లైన్లకి కూడా ఇదే ఖత్రా. ఓడవైపు వాల్వ్ ఎవరో మూస్తే ధక్కా ఒడ్డు మీదున్న ట్యాంకులదాకా వస్తుంది.

మూడోది, ఫైర్ వాటర్, కూలింగ్ వాటర్ లైన్లు. ఖాళీ లైనులోకి, గాలి నిండిన లైనులోకి పంపు ఒక్కసారిగా నీళ్ళు తోస్తే గాలి బయటికి పోయిన క్షణాన నీళ్ళు వెళ్ళి కొసని గుద్దుతాయి. ఫైబర్, ప్లాస్టిక్ పైపుల్లో ఖబర్ నిదానంగా పోతుంది కాబట్టి ధక్కా చిన్నదే, కానీ వాటి తాఖత్ కూడా చిన్నదే. పలచటి పెద్ద పైపులైతే ప్రెషర్ పడిపోయినప్పుడు లోపలికి నలిగిపోతాయి.

నాలుగోది, పైపు పగలకపోయినా ఎగిరిపడే చోట్లు. ఇది వాడి సొంత డిపార్ట్‌మెంట్. 16 అంగుళాల పైపు మలుపు మీద 22 బార్ల ధక్కా వచ్చి పడితే ఆ క్షణానికి 28 టన్నుల దాకా తోపు. అవతలి మలుపుకి ఆ ఖబర్ అందేదాకా దాన్ని బ్యాలెన్స్ చేసేది ఏదీ ఉండదు. పైపు ఆధారాల మీంచి జారిపోతుంది. అమ్మోనియా, యాసిడ్, కాగే నూనె లాంటివి పోయే లైన్లలో చిన్న షక్ వచ్చినా లెక్క కట్టాల్సిందే.

ఐదోది అందరూ మర్చిపోయేది. నడుస్తున్న లైనులో ఏదైనా మారినప్పుడు. కొత్త పంపు, కొత్త వాల్వ్, పొడిగించిన పైపు, పెంచిన ప్రొడక్షన్, కంట్రోల్ రూంలో మూసే టైముని 30 సెకన్ల నుంచి 5 సెకన్లకి మార్చిన ఒక్క అంకె. లైను వేసిన రోజు లెక్క సరిగ్గానే ఉండొచ్చు. అది ఆ రోజు లైనుకి లెక్క, ఈ రోజు లైనుకి కాదు.

ఇవన్నీ ఇంజినీర్ల దయ మీద వదిలేసినవి కూడా కావు. ప్రాసెస్ పైపింగ్‌కి వాడే అమెరికా కోడ్ ఏఎస్‌ఎంఈ బి31.3 డిజైన్‌లోనే ఈ నీళ్ళ ధక్కాని లెక్కలోకి తీసుకోమంటుంది. లిక్విడ్ పైప్‌లైన్ల కోడ్ బి31.4 అయితే సర్జ్ వచ్చినప్పుడు కూడా ప్రెషర్ డిజైన్ అంకె కంటే 10 శాతం మించి పెరగకూడదంటుంది. ఇలాజ్‌లు కూడా ఉన్నాయి. వాల్వ్‌ని మొదట వేగంగా, చివర్లో మెల్లగా మూయించవచ్చు. పంపుకి బరువైన ఫ్లైవీల్ బిగిస్తే కరెంటు పోయినా కాసేపు తిరుగుతుంది. గాలి నింపిన సర్జ్ వెసెల్ పెట్టొచ్చు. కాళేశ్వరం వార్తల్లో 'సర్జ్‌పూల్' అన్న మాట నేనే ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. భూమి లోపల అంత పెద్ద గుంత ఎందుకు తవ్వారో ఒక్కసారి కూడా అడగలేదు. మోటార్లు మొదలైనప్పుడు, ఆగినప్పుడు నీళ్ళ ఊపు పెరిగి తగ్గడానికి దానికొక జాగా కావాలి. మన గోడలోని పైపుకి ఆ జాగా లేకే ఠక్‌మంది.

జపాన్‌లో ఒయిగావా అనే జలవిద్యుత్ కేంద్రం ఉంది. 1950లో అక్కడ మరమ్మతులు చేస్తుండగా వాల్వ్‌ని కంట్రోల్ చేసే నూనె కారిపోయి, వాల్వ్ తనంతట తానే వేగంగా మూసుకుంది. ఆ ధక్కాకి నీళ్ళు తెచ్చే పెద్ద పైపు చీలింది. చీలికలోంచి నీళ్ళు ఒక్కసారిగా బయటికి పోవడంతో ప్రెషర్ పడిపోయి, పైభాగం లోపలికి నలిగిపోయింది. ముగ్గురు కార్మికులు చనిపోయారు. ఎవరి చెయ్యీ ఆ వాల్వ్‌ని మూయలేదు. అక్కడ ఒక మనిషి వేలు బటన్ మీద ఉండి ఉంటే ఆ మరుసటి రోజు హెడ్డింగ్ ఏముండేదో నాకు తెలుసు. నాలాంటివాడే రాసేవాడు.

గల్ఫ్‌లో పనిచేసే మన పిల్లలకి మా భాంజా చెప్పమన్న మాట ఒకటుంది. వాల్వ్ మార్చారని, పంపు కలిపారని తెలిసినప్పుడు సర్జ్ లెక్క మళ్ళీ కట్టారా అని అడగండి. నోటితో అడిగి ఊరుకోకండి, లాగ్‌బుక్‌లో రాయండి. మూసేటప్పుడు ఎన్ని సెకన్లు పట్టాలో కాగితం మీద రాయించుకోండి. పైపు ఠక్‌మన్నా, ఆధారాల మీద కదిలినా ఆ రోజే రిపోర్ట్ చెయ్యండి. జవాబ్ రాకపోవచ్చు. అడిగినట్టు రాత మిగులుతుంది. భాయ్‌జాన్‌కి ఆ రాత లేదు.

ఇక మస్జిద్ సంగతి. 'నల్లా మెల్లగా తిప్పండి' అని ఉర్దూలో, తెలుగులో బోర్డు రాయించి తగిలిద్దామని కమిటీ మీటింగ్‌లో అన్నారు. రాసే జిమ్మేదారీ నాకే ఇచ్చారు. నేను వద్దన్నాను. బోర్డు పెడితే రేపు పైపు పగిలినప్పుడు ఎవరో ఒక నమాజీ గట్టిగా తిప్పాడని అంటాం. తప్పు తిప్పే చేతిదైపోతుంది. పైపుకే ఇలాజ్ చేద్దామన్నాను. భాయ్‌జాన్ కుంటుకుంటూ వచ్చి, మోకాలు వంగక స్టూలు వేసుకుని కూర్చుని, ట్యాంకు నుంచి వచ్చే ప్రెషర్‌ని ఒక వాల్వ్‌తో తగ్గించాడు. నల్లాల వరస చివర గాలి కుషన్ ఉండే చిన్న అరెస్టర్ బిగించాడు. మగ్రిబ్ వజూకి పిల్లలు పోటీపడి నల్లాలు ధన్‌మని కట్టి చెవులు గోడకి ఆనించారు. చప్పుడు లేదు. జిన్ ఎటు పోయిందని ఒకడు భాయ్‌జాన్‌ని అడిగాడు. గాలిలోకి పోయిందన్నాడు ఆయన.

పేపర్లలో తప్పు వార్త పడితే మరుసటి రోజు లోపలి పేజీలో చిన్నగా సవరణ వేస్తాం. ఆ పేపర్‌లో ఇప్పుడు నేను లేను. ఇరవై ఏళ్ళ కిందటి వార్తకి వాళ్ళు సవరణ వెయ్యరు. అందుకని ఇక్కడ వేస్తున్నాను. పెద్ద ఖాలా లేదు. ఉండి ఉంటే పక్కింటి పిల్ల అక్కర్లేకుండా నేనే చదివి వినిపించేవాణ్ణి.

సవరణ: 2005 వేసవిలో మా జిల్లాలోని ఒక ఫ్యాక్టరీలో కూలింగ్ నీళ్ళ లైను పగిలిన ఘటనకి ఆపరేటర్ నిర్లక్ష్యం కారణమని నేను రాసిన వార్త తప్పు. ఆయన తనకి ఇచ్చిన హుకుం ప్రకారం తనకి ఇచ్చిన బటన్ నొక్కాడు. వాల్వ్ మార్చినప్పుడు, పంపు కలిపినప్పుడు ఆ లైనుకి సర్జ్ లెక్క కట్టారా అని నేను ఎవరినీ అడగలేదు. ఆయన్నీ అడగలేదు.